ఆఖరి పదమూడు మండలాలు

ఆపా ఫోన్ చేసింది. సలాం కూడా చెప్పలేదు. "క్యా రే, వజ్రకరూరు తుమారె జిల్లా మే నై క్యా?" అంది. వజ్రకరూరు మీ జిల్లాలో లేదా అని. గుస్సాలో ఉన్నప్పుడు ఆపా ఎప్పుడూ "మీ జిల్లా" అనే అంటుంది, తనేదో వేరే జిల్లాలో కాపురం చేస్తున్నట్టు.

ఉంది ఆపా, ఎందుకుండదు అన్నాను.

"ఉంటే మొన్న వాన పడిన సంగతి ఎందుకు పెట్టలేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే వజ్రకరూరు లెక్క ఆ రోజు ఉదయం నా చేతులతో నేనే కొట్టాను. ముప్పై మిల్లీమీటర్ల పైన. కొట్టి, చాయ్ తాగి, డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఇది కొన్నేళ్ళ కిందటి ఆషాఢం మాట. ఇప్పుడు రాస్తున్నది ఆపాకు సంజాయిషీ కాదు, అది అప్పుడే అయిపోయింది. మనలో చాలామంది మొహల్లా గ్రూపులు, మసీదు గ్రూపులు నడుపుతున్నాం. పిల్లలు చిన్న చిన్న ప్రోగ్రాంలు రాసి సెహ్రీ టైం, ఇఫ్తార్ టైం వాటంతట అవే వెళ్ళేలా చేస్తున్నారు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా.

మా అనంతపురం సంగతి తెలియని వాళ్ళకు ముందు ఒక మాట చెప్పాలి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే చోటు ఇది. అది కూడా ఎప్పుడు పడుతుందో అల్లాహ్‌కే ఎరుక. ఎర్రనేల, లోతు తక్కువ. వేరుశనగ విత్తనం వేయాలంటే నేల పదును కావాలి. ఒక మంచి వాన పడితే పదునవుతుంది. ఆషాఢంలో మా దగ్గర గాలి ఎట్లా కొడుతుందో మీలో కొందరికి తెలుసు. రెండు రోజులు ఆ గాలి తగిలితే పైపదును ఆరిపోతుంది. అంటే వాన పడిన తర్వాత రైతుకు ఉండే మొహ్లత్ రెండు రోజులు, మహా అయితే మూడు.

దుల్హాభాయ్‌కి గుంతకల్లులో పంక్చర్ షాపు. వాళ్ళ అబ్బాజాన్ నుంచి వచ్చిన నాలుగెకరాలు వజ్రకరూరు మండలంలో. అక్కడ వాన పడితే గుంతకల్లులో పడాలని ఏమీ లేదు. మా వానలు వీధి ఈ పక్క పడి ఆ పక్క పడనివి. అందుకే మబ్బు పట్టినప్పుడల్లా ఆయన ఊళ్ళో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి అడిగేవారు. ఒకరు తీస్తారు, ఒకరు తీయరు. "రోజూ వాళ్ళను తక్లీఫ్ పెట్టడం షరమ్‌గా ఉంది బావా" అన్నారు నాతో ఒకసారి.

ఆ మాటే మా పని మొదలవడానికి కారణం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, అంతకు ముందు ఇరవై నాలుగు గంటల్లో ఏ మండలంలో ఎంత వాన పడిందో లెక్క తీస్తారు. విలేకరిని కాబట్టి ఆ కాగితం నాకు వస్తుంది. అఖ్బార్‌లో అది మరుసటి రోజు, అదీ మూల మీద నాలుగు లైన్లు వస్తే గొప్ప. ఆపా కొడుకు, నా భాంజా, బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. "మామూ, ఆ లెక్క నువ్వు షీట్‌లో కొట్టు చాలు, మిగతాది నా ప్రోగ్రాం చూసుకుంటుంది" అన్నాడు. వాన పడిన ఒక్కో మండలానికి ఒక్కో పోస్టు. ఎవరి మండలాన్ని వాళ్ళు పెట్టుకుంటే ఫోన్ టింగుమంటుంది. జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండుగా చీలింది కానీ, వాన గీతలు చూసి పడదు గదా. మేం పాత అనంతపురం జిల్లా 63 మండలాలూ అలాగే పెట్టుకున్నాం.

ఏప్రిల్, మే నెలల్లో బ్రహ్మాండంగా నడిచింది. అక్కడో వాన, ఇక్కడో వాన. ఒక రోజు ఎనిమిది పోస్టులు, ఒక రోజు పందొమ్మిది. జనం అలవాటు పడ్డారు. దుల్హాభాయ్ ఊరికి ఫోన్లు చేయడం మానేశారు. మానేశారు అనడం కంటే మేమే మాన్పించాం అనడం సరైన మాట.

ఆ రాత్రి మాత్రం జిల్లా అంతా పడింది. 63 మండలాల్లోనూ. జర్నలిస్టుగా ఇన్నేళ్ళలో అలాంటి కాగితం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఒక్క సున్నా లేదు. షుకర్ అనుకుంటూ అంతా కొట్టాను. ప్రోగ్రాం 50 పోస్టులు పెట్టి ఆగిపోయింది.

ఆగిపోయిందని నాకు తెలియదు. బెంగళూరులో భాంజాకూ తెలియదు. గుంతకల్లులో దుల్హాభాయ్‌కి అసలే తెలియదు. ఆయన ఫోన్ చూశారు. గుంతకల్లు వచ్చింది, గుత్తి వచ్చింది, వజ్రకరూరు రాలేదు. మా పద్ధతి ఆయనకు తెలుసు, వాన పడితే పోస్టు వస్తుంది, పడకపోతే రాదు. కాబట్టి వజ్రకరూరులో వాన లేదు. షాపు తెరిచి కూర్చున్నారు. మూడో రోజు ఊరి నుంచి ఒక రైతు ట్యూబ్ అతికించుకోవడానికి వచ్చి, "ఏం భాయ్, అందరం ఇత్తనం ఏసేస్తిమి, మీరు రాలేదే?" అన్నాడు. దుల్హాభాయ్ షాపు షట్టర్ సగం దించి అట్లాగే బస్సెక్కారు. చేనులో కాలితో మట్టి తన్ని చూస్తే పొడి దుమ్ము లేచింది. విత్తనం కాయలు వలిచి, సంచుల్లో పోసి, ఇంట్లో పెట్టుకుని ఉన్నారు. మళ్ళీ పదును కోసం మూడు వారాలు ఇంతెజార్.

ఆ రాత్రి భాంజా, నేను ఫోన్‌లో కూర్చున్నాం. వాడు లాగ్ తెరిచాడు. ప్రోగ్రాం రాసుకునే రోజ్‌నామ్చా అనుకోండి. అందులో పదమూడు సార్లు ఒకటే లైను, 429.

అదేమిట్రా అని అడిగాను. "చాలా ఎక్కువ అడిగారు, ఆగండి అని అర్థం మామూ" అన్నాడు. 2012లోనే ఇంటర్నెట్ నియమాల్లో చేరిన నంబరట అది. యంత్రాలకు కూడా మర్యాదగా వద్దని చెప్పే భాష ఉందన్నమాట.

నాలాంటి వాళ్ళ కోసం కొంచెం విడమరుస్తాను. మనం ఫోన్‌లో వేలితో నొక్కి పోస్టు పెట్టడం ఇంటి సదర్ దర్వాజా లాంటిది. ప్రోగ్రాంతో పెట్టించాలంటే వేరే పక్క దర్వాజా ఉంటుంది, దాన్ని ఏపీఐ అంటారు. ఆ దర్వాజాకు మనకు ఒక తాళంచెవి ఇస్తారు. ఆ చెవితో రోజుకు ఇన్నిసార్లే, నిమిషానికి ఇన్నిసార్లే అని హద్దు పెడతారు. కారణం సీదా. మనిషి పదిసార్లు రాస్తే అలసిపోతాడు. యంత్రానికి అలసట లేదు. హద్దు లేకపోతే ఒక్కడు కూర్చుని లక్ష అబద్ధాలు, లక్ష ఇష్తెహార్లు వదలగలడు. అందుకే ఒక్కో చోట ఒక్కో హద్దు. టెలిగ్రామ్‌లో ఒక బాట్ ఒక గ్రూపులో నిమిషానికి 20 మెసేజ్‌లు దాటకూడదు. ట్విట్టర్ 2023 ఫిబ్రవరిలో ఉచిత దర్వాజా మూసేస్తున్నామని ప్రకటించి, తర్వాత ఉచితంగా రాసేవారికి నెలకు 1,500 పోస్టులు అని కొత్త హద్దు పెట్టింది. అంతకు మించి కావాలంటే అప్పట్లో నెలకు 100 డాలర్ల నుంచి మొదలయ్యేది. మా 63 మండలాలకు రోజుకొకటి చొప్పున నెలకు 1,890 అవుతాయి, లెక్క చూసుకోండి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలోనే సునామీ హెచ్చరికల కేంద్రం వాళ్ళు, మా హెచ్చరికలన్నీ ఇక ఇక్కడ ఆటోమేటిక్‌గా రాకపోవచ్చు అని జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్ రైళ్ళ, బస్సుల సంస్థ కూడా తన ఖబర్లు ఆ వేదిక మీద పెట్టడం కొన్నాళ్ళు ఆపేసింది. మే మొదట్లో, వాతావరణ హెచ్చరికలూ రవాణా ఖబర్లూ పెట్టే సర్కారీ ఖాతాలకు ఉచితమే అని ట్విట్టర్ మళ్ళీ సడలించింది. అంత పెద్ద ముల్కుకే అట్లా అయితే మా నాలుగెకరాలు ఎంత అనుకోవచ్చు. కానీ ఒక్క తేడా గమనించండి. వాళ్ళు ఆగిపోతున్నాం అని ముందే చెప్పారు. మేం చెప్పలేదు.

మేం వాడుకున్న వేదిక పేరు ఇక్కడ రాయను. తప్పు వాళ్ళది కాదు. రోజుకు 50 అని వాళ్ళ కాగితంలో సాఫ్‌గా రాసి ఉంది. మేం చదవలేదు. చదివినా, రోజుకు పందొమ్మిది పోస్టులు పెట్టేవాడికి 50 అంటే సముద్రం లాగా కనిపిస్తుంది. వాన తక్కువ పడే రోజుల్లో హద్దు కనిపించదు. వాన బాగా పడిన రోజే, అంటే ఖబర్ అందరికీ కావలసిన రోజే, హద్దు ఎదురొస్తుంది.

భాంజాకు కోపం వచ్చింది. "ఈ లిమిట్లన్నీ బేకార్ మామూ. మంచి పనికి కూడా అడ్డమే" అన్నాడు. వాడి అబ్బా చేను ఎండింది, వాడి ప్రోగ్రాం వల్లే. ఆ బాధలో అన్నాడు. నేను మాత్రం ఒప్పుకోలేకపోయాను. నాకు రెండు సంగతులు గుర్తొచ్చాయి.

ఒకటి మా మొహల్లా ట్యాంకర్. నా బచ్‌పన్‌లో ఎండాకాలం ట్యాంకర్ వస్తే, ఇంటికి నాలుగు బిందెలు అని పెద్దలు హద్దు పెట్టేవారు. బలమున్న ఇంటి వాళ్ళు తిట్టుకునేవారు. మా అమ్మీ మాత్రం ఆ హద్దు పెట్టినవాళ్ళకు దువా చేసేది. అది లేకపోతే గల్లీ చివర ఉన్న మా ఇంటికి ఒక్క చెంబు కూడా వచ్చేది కాదు.

రెండోది 2018. పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగులు తిరుగుతున్నాయని ఆ వేసవిలో వాట్సాప్ నిండా మెసేజ్‌లు. మా ఖాందాన్ గ్రూపులోకీ వచ్చాయి. జులై 13న కర్ణాటక బీదర్ జిల్లా ముర్కి దగ్గర, హైదరాబాద్ నుంచి దోస్తులతో వెళ్ళిన ఒక నౌజవాన్‌ను గుంపు కొట్టి చంపింది. ఆ దోస్తుల్లో ఒకరు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచారు, అంతే. వాళ్ళ కారు కంటే ముందు వాట్సాప్ మెసేజ్ పరిగెత్తింది. ఆ మరుసటి వారమే వాట్సాప్ హిందుస్తాన్‌లో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెడుతున్నామని ప్రకటించింది. 2019 జనవరిలో దాన్ని దునియా మొత్తానికి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్ అయితే ఒకేసారి ఒక్క చాట్‌కే అంది. ఆ హద్దు కొన్ని నెలల ముందు ఉండి ఉంటే అని ఆ నౌజవాన్ ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని ఉంటారో!

అప్పుడు నేను చేసిందొకటి ఇక్కడ చెప్పాలి. ఆ మెసేజ్ మా గ్రూపులోకి వచ్చినప్పుడు నేను ఫార్వర్డ్ చేయలేదు. జర్నలిస్టును గదా, అబద్ధమని తెలుసు. కానీ అబద్ధమని గ్రూపులో రాయనూ లేదు. పెద్దవాళ్ళు పెట్టారు, ఎందుకొచ్చిన బహస్ అనుకున్నాను. తర్వాత మా ఖాలా అంది, "నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తావు, నువ్వేమీ అనలేదు కాబట్టి నిజమే అనుకున్నాం" అని. నా ఖామోషీని ఆమె అట్లా చదువుకుంది. దుల్హాభాయ్ కూడా మా ఖామోషీని అట్లాగే చదువుకున్నారు, సున్నా మిల్లీమీటర్లు అని.

అదంతా భాంజాకు చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే మామూ, 50 వెళ్ళాయి, పదమూడు ఆగాయి. ఆగినవి ఏవి?" అన్నాడు. చదవడం మొదలుపెట్టాడు. రొళ్ళ, శెట్టూరు, శింగనమల, సోమందేపల్లి, తాడిమర్రి, తాడిపత్రి, తలుపుల, తనకల్లు, ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు, యాడికి, యల్లనూరు.

వింటుంటే నాకు చెమట పట్టింది. అది ఇత్తెఫాక్ కాదు. షీట్‌లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఉన్నాయి. అగళి దగ్గర మొదలై రొద్దం దగ్గర 50 నిండిపోయాయి. హద్దు మళ్ళీ ఎప్పుడు దాటినా ఆగేది ఈ పదమూడే. యల్లనూరు వాళ్ళు ఏ పాపం చేశారు? వాళ్ళ ఊరి పేరు 'వై' అక్షరంతో మొదలవుతుంది, అదే వాళ్ళ గునాహ్.

ఈ దర్ద్ నాకు బాగా తెలుసు. ఉర్దూ మీడియంలో చదువుకున్నప్పుడు హాజరీ అలిఫ్, బే వరుసలో ఉండేది. నా పేరు 'యే'తో మొదలవుతుంది. అలిఫ్ బేలో ఆఖరి హర్ఫ్ అది. ఉర్దూ కితాబులు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవి, వచ్చినా జమాత్‌కు సరిపడా వచ్చేవి కాదు. హాజరీ వరుసలో పంచేవారు. అహ్మద్‌కు అన్నీ వచ్చేవి. నా దగ్గరికి వచ్చేసరికి ఉస్తాద్ ఖాళీ చేతులు చూపించి, "పక్కవాడి దాంట్లో చూసుకో బేటా" అనేవారు. ఆయన మంచి మనిషి, నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ వరుసను తిప్పాలని మాత్రం ఆయనకు ఎప్పుడూ తోచలేదు. కితాబులు తక్కువ రావడం ఆయన చేతిలో లేదు. ఎవరి నుంచి పంచడం మొదలుపెట్టాలన్నది మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

కంపెనీ పెట్టిన హద్దు మా చేతిలో లేదు. ఆ 50లో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది పూర్తిగా మా చేతిలో ఉంది. నేను పేర్లు కొట్టాను, వాడు ప్రోగ్రాం రాశాడు. ఇద్దరిలో ఎవరమూ ఆఖరి వాళ్ళ గురించి ఫికర్ చేయలేదు. చిన్నప్పుడు ఆఖర్లో నిలబడ్డవాడినే నేను, నా చేతికి హాజరీ పట్టీ వచ్చేసరికి అదే వరుసలో పంచాను.

ఆ రాత్రి నాలుగు మార్పులు చేశాం. మీ ఇంట్లో ఇలాంటి పని చేసే పిల్లలుంటే చూపించండి.

మొదటిది, ఒక్కో మండలానికి ఒక్కో పోస్టు మానేశాం. ఏడేసి మండలాలు కలిపి ఒక పోస్టు. 63 మండలాలకు తొమ్మిది పోస్టులు, అంతే. 50 హద్దు ఎక్కడో దూరంగా ఉండిపోయింది. కలపడంలోనూ ఒక చిక్కు వచ్చింది. పోస్టుకు అక్షరాల హద్దు ఉంటుంది గదా, యంత్రం మన తెలుగును మనలాగా లెక్కపెట్టదు. రాయదుర్గం మన కంటికి నాలుగక్షరాలు. యంత్రం దీర్ఘాన్ని, కొమ్మును, పొల్లును, సున్నాను కూడా విడివిడిగా లెక్కేసి తొమ్మిది అంటుంది. అయినా ఏడు పేర్లు ఇమిడాయి.

రెండోది, వరుస రోజూ తిరుగుతుంది. ఈ రోజు యల్లనూరు నుంచి మొదలైతే రేపు ఇంకో గుంపు నుంచి. ఏదైనా తేడా వచ్చి మధ్యలో ఆగినా, ప్రతిసారీ అదే ఊళ్ళ మీద పడదు.

మూడోది, సున్నా కూడా రాస్తాం. వాన లేకపోతే లేదు అని రాస్తాం. పోస్టు రాలేదంటే వాన లేదని కాదు, మా పని పూర్తి కాలేదని జనానికి తెలియాలి.

నాలుగోది, 429 వస్తే ప్రోగ్రాం లాగ్‌లో రాసుకుని ఊరుకోదు. ఆగమన్నంతసేపు ఆగి, మళ్ళీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే నాకూ భాంజాకూ ఎస్ఎంఎస్ వస్తుంది. అప్పుడు మిగిలినవి సదర్ దర్వాజా నుంచి, నా వేలితో నేనే పెట్టాలి. నిద్రలో ఉన్నా లేచి పెట్టాలి. అది మా అమానత్.

దుల్హాభాయ్ ఆ ఏడాది మూడు వారాలు ఆలస్యంగా విత్తారు. పంట ఎట్లా వచ్చిందో ఆయనను అడిగే ధైర్యం నాకు లేకపోయింది, ఆయన తనంతట చెప్పనూ లేదు. భాంజా మాత్రం ఆ నెల జీతంలోంచి విత్తనం ఖర్చు పంపాడు. ఆయన తిప్పి పంపేశారు. "కొడుకు పని నేర్చుకుంటున్నాడు, తప్పులవుతాయి" అన్నారట ఆపాతో. ఆ మాట ఆపా నాకు చెప్పింది. నా గురించి ఏమన్నారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మళ్ళీ వాన పడిన ఉదయం యల్లనూరు, యాడికి, విడపనకల్లు, వజ్రకరూరు ఉన్న పోస్టు అన్నిటికంటే ముందు వెళ్ళింది. కాసేపటికి ఆపా ఫోన్. ఈసారి సలాం చెప్పింది. "ఆయన పొద్దున్నే బస్సుకు పోయారు" అంది. మెసేజ్ చూసేనా అన్నాను.

"చూసి, ఊళ్ళో వాళ్ళకు ఫోన్ కూడా చేసి పోయారు. అబ్ ఆప్ లోగోఁ కా భరోసా నక్కో బోలే."

మిమ్మల్ని నమ్ముకుని ఉండనన్నారు అని. నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఆయన చేసిందే సహీ అనిపించింది. మేం ఖబర్ ఇస్తాం, ఆయన ఇంకొకరిని అడిగి తస్దీఖ్ చేసుకుంటారు. మొదటి నుంచీ మేం కూడా ఆయనకు అట్లాగే చెప్పి ఉండాల్సింది.

మీ గ్రూపులో, మీ లిస్టులో ఆఖరి పేరు ఎవరిదో ఒకసారి చూడండి. వాళ్ళకు ఖబర్ అందుతోందా అని ఫోన్ చేసి అడగండి. దువాల్లో యాద్ ఉంచుకోండి.